ఇద్దరు బాలింతలు, ఒక చేపనూనె డబ్బా

ఆ సంవత్సరం మా మిషను ఆవరణలో రెండు పురుళ్ళు జరిగాయి. ఒకటి నాది, రెండోది పాదిరీ దొరగారి పందిది. ఏది గొప్ప పురుడని అడిగితే ఆవరణలో ఎవరూ తడుముకోకుండా పందిదే అనేవారు. నా మొగుడూ అదే అనేవాడు, కాకపోతే ముందు కాస్త దగ్గి అనేవాడు.

అది మన ఊళ్ళ పంది కాదు. ఓడెక్కి సముద్రం దాటి వచ్చిన జాతి, దొరగారిలాగే ఎర్రగా ఉండేది. సాలూరు దాకా ఎడ్లబండి మీద వచ్చింది. ఘాటీ దగ్గర బండి ఇంక ఎక్కదంటే, దొరగారు కొండవాళ్ళను పిలిపించి దానికి డోలీ కట్టించారు. మా ఆయనకు అరకు లోయలోని మిషను బడిలో పంతులు ఉద్యోగం వచ్చింది కనక, ఆయనా నేనూ మా అత్తా ఆ గుంపుతోనే కొండెక్కాం. పంది కడుపుతో ఉంది, నేనూ కడుపుతోనే ఉన్నాను. అది డోలీలో, నేను కాలినడకన. మలుపు మలుపుకీ దొరగారు డోలీ ఆపించి దానికి నీళ్ళు తాగించేవారు. అది తాగేదాకా ఆగుతారు కదా, ఆ కాసేపూ నేను కూర్చునేదాన్ని. ఆ పంది వల్ల నాకు కలిగిన మొదటి మేలు అదే, అప్పుడు మాత్రం మేలనిపించలేదు. ఒళ్ళు మండింది.

కొండ పందులు నల్లగా, బక్కగా, తమ బుద్ధికి తోచినట్టు తిరుగుతుంటాయి. సీమ పందిని తెచ్చి వాటి సంతతిని బాగుచేస్తే, దాంతో కొండ జనమూ బాగుపడతారని దొరగారి ఉద్దేశం. ముందు జనాన్ని బాగుచేసి, తరవాత పందుల సంగతి చూద్దామని ఎవరూ ఆయనకు సలహా ఇచ్చినట్టు లేదు. పందికి ఇటుక గోడలతో, పెంకులతో ఇల్లు కట్టించారు. దాని వెనకగోడకు ఆనించి మాకో తడికల ఇల్లు వేశారు. గాలివాన వస్తే మేం పోయి దాని ఇంట్లో తలదాచుకోవాలి, అది మా ఇంటికి రావలసిన అవసరం ఎప్పుడూ పడలేదు.

దొరగారు మంచివారు కాదని నేను అనను. తెలుగు ఎంతో కష్టపడి నేర్చుకున్నారు, కానీ మైదానంలో ఎవరో పండితుడి దగ్గర నేర్చుకున్నారు. అందువల్ల ఆయన నోరు తెరిచినప్పుడల్లా మా అత్త ప్రార్థన మొదలైందనుకుని తల మీదికి కొంగు లాక్కునేది.

ఒకరోజు ఆయన మమ్మల్నందరినీ పంది ఇంటి ముందు నిలబెట్టి ఒక పెద్ద రేకుడబ్బా చూపించారు. దాని మీద చేప బొమ్మ ఉంది.

"ఈ వరాహము ప్రసవించిన పిమ్మట దినమునకు రెండు మారులు ఈ మత్స్యతైలమును ఆహారమందు కలిపి ఒసంగవలెను," అన్నారు. "ఇందు విటమిన్ అను సూక్ష్మ పదార్థము కలదు. అది కంటికి అగపడదు. అయినను అది లేక ఏ జీవియు వర్ధిల్లదు. మరియు దీనికి సూర్యరశ్మియు, పచ్చని ఆకులును సమృద్ధిగా కావలెను."

మా అత్త నా చెవిలో, "కంటికి అగపడనిది అందులో ఉన్నాదని ఈ బాబుకి ఎవలు సెప్పినారేటి?" అంది.

ఆ ముందు ఆదివారమే ఆయన మిషను గుడిలో నిలబడి, కొండవాళ్ళు కొండలోనూ వాగులోనూ ఉన్నాయని మొక్కేవి ఏవీ లేవనీ, ఉంటే ఎవరికైనా కనబడి ఉండేవనీ చెప్పారు. ఇప్పుడు కంటికి కనబడనివాటిలో ఆయన నమ్మేవి రెండయ్యాయి. రెండోది డబ్బాలో వచ్చింది.

మా అత్త కింద మైదానంలో ఉన్న రోజుల్లో మంత్రసాని. పురుళ్ళు పోయడంలో అందెవేసిన చెయ్యి అని విని, దొరగారు పందిని, డబ్బాను, మూరెడు పొడుగున్న చెంచాను ఆమెకు అప్పగించి గూడెం వైపు కొండ ఊళ్ళకు ప్రసంగాలు చేయడానికి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళిన వారంలోనే ముందు పంది ఈనింది, ఆ వెంటనే నాకు ఆడపిల్ల పుట్టింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా వాళ్ళు ప్రభువును నమ్ముకుని అప్పటికి ఒక తరం గడిచింది. గడపకు పసుపు మానేశాం, జాతర మానేశాం, తాయెత్తులు విప్పేశాం. కానీ బాలింత పథ్యం జోలికి మాత్రం ఏ పాదిరీ రాలేదు. వచ్చినా మా అత్త ముందు నిలబడగలిగేవాడు కాదు. పాత బియ్యపు అన్నం, అందులో వెల్లుల్లి కారం. పొద్దున్నే శొంఠీ మిరియాలూ కలిపి నూరిన, గొంతులో పట్టుకునే కాయం ముద్ద. దాహమంటే గుక్కెడు వేణ్ణీళ్ళు. ఆకుకూర చలవ, గుమ్మడికాయ వాతం, చేప అన్న మాటే ఎత్తకూడదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, కిటికీకి గోనెసంచి, మంచం కింద నిప్పుల కుంపటి.

ఇదంతా నాకు. పందికి వేరే పద్ధతి ఉంటుందని దొరగారు అనుకున్నారు. మా అత్త అనుకోలేదు.

"బాలింతరాలు బాలింతరాలే. నాలుగు కాళ్ళుంటే మాత్రం సలి కాదేటి, గాలి కాదేటి?" అని పంది ఇంటి కిటికీకి కూడా గోనెసంచి కట్టేసింది. దొరగారు పురమాయించిన పచ్చాకు బుట్ట రోజూ వస్తే, ఈనిన పందికి చలవ చేస్తుందని దొరగారి వంటవాడి మేకకు వేసేది. చేపనూనె సరేసరి, ఆ డబ్బా మూతే తియ్యలేదు. ఎండ తగలకుండా తలుపు మూసింది. కుంపటి ఒక్కటి మాత్రం గడ్డి అంటుకుంటుందని గుమ్మం బయట పెట్టింది. కాయం ముద్ద కూడా పెట్టింది. దాన్ని నేను కళ్ళనీళ్ళతో మింగేదాన్ని, పంది మాత్రం చప్పరించి ఇంకా కావాలని గోడను తలతో కుమ్మేది.

"సూసినావా?" అనేది మా అత్త. "పందికున్న బుద్ధి నీకు నేదు."

నేను ఆ పంది మీద పెంచుకున్న కోపం ఆ చీకటి గదిలోనే కొంచెం కొంచెంగా కరిగింది. సీమ నుంచి వచ్చిందైతేనేం, పెంకుటిల్లు అయితేనేం, మా అత్త చేతిలో పడ్డాక దానికీ నాకూ తేడా లేకుండా పోయింది. గోడకు అటు అది మూలిగేది, ఇటు నేను మూలిగేదాన్ని. పదిమంది పిలుచుకునే పేరంటాల్లోకన్నా ఆ గోడ దగ్గర నాకు ఎక్కువ తోడు దొరికింది.

నా అసలు బాధ పథ్యం కాదు, కళ్ళు. నెలలు నిండే రోజుల్లోనే పొద్దు వాలితే చూపు మసకేయడం మొదలైంది. పురుడయ్యాక మరీ ముదిరింది. పగలంతా బాగానే ఉండేది. సందె పడేసరికి ఎవరో మొహం మీద గుడ్డ కప్పినట్టు అయిపోయేది. బిడ్డను చేత్తో తడిమి వెతుక్కునేదాన్ని. పాలు కూడా తగ్గుతూ వచ్చాయి. పిల్ల ఏడ్చి ఏడ్చి అలిసి నిద్రపోయేది. ఆ ఏడుపు ఎటునుంచి వస్తోందో విని, చెయ్యి చాచి, బిడ్డ దొరికేదాకా చాప మీద పాకేదాన్ని. భయపడ్డాను. ఆ భయం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

అత్తకు చెబితే, "బాలింత మసక. అందరికీ వొత్తాది, పిల్ల పాలు మానీసినాక అదే పోతాది. నాకు రానేదేటి?" అని అటు తిరిగిపోయింది.

మా ఆయనకు చెబితే, ప్రార్థన చేద్దామన్నాడు. చేశాడు కూడా. చీకట్లో ఆయన ఏ మూల నిలబడి చేశాడో నాకు తెలియలేదు.

ఒక సాయంత్రం అత్త పంది ఇంటికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ బొగ్గులు కుదపడానికి కుంపటిని మంచం కిందనుంచి ఇవతలికి లాగి అక్కడే వదిలేసింది. నాకా సంగతి తెలియదు. బిడ్డకు పాలిచ్చి, చాప మీద పడుకోబెడదామని రెండు చేతుల మీదా పిల్లను పట్టుకుని వంగాను. మణికట్టుకు సెగ తగిలింది. చప్పున వెనక్కి లాక్కున్నాను. పిల్లకు చుట్టిన పాతగుడ్డ అంచు కమిలి వాసన వచ్చింది. అప్పుడు నేను వేసిన కేకకు వంటవాడు కూడా పరుగెత్తుకొచ్చాడు.

అత్త లోపలికి వచ్చింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. పిల్లను నా చేతుల్లోంచి తీసుకుని ఒళ్ళంతా తడిమింది. తరవాత కొంగుతో కుంపటి పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్ళి విసిరికొట్టింది. మట్టికుంపటి ముక్కలైపోయిన చప్పుడు విన్నాను. బాలింత గదిలో నిప్పు ఆరితే ప్రాణం పోతుందనే మనిషి, ఆ తరవాత మా ఇంట్లో కుంపటి అన్నదే పెట్టనివ్వలేదు. సందె పడితే చాలు, ఎక్కడున్నా వచ్చి నా పక్కన కూర్చునేది. దొంగతనంగా చన్నీళ్ళు తాగుతానేమోనని కాపలా కాస్తోందనుకుని నేను లోలోపల పళ్ళు నూరుకునేదాన్ని.

మర్నాటి నుంచే మా ఇంట్లో దీపాలు పెరిగాయి. అంతవరకూ ఒక్క ప్రమిదలో చెంచాడు ఆముదం పోసి, వత్తిని పిసినారిగా ఎగదోసే మనిషి, ఇప్పుడు గూట్లో ఒకటి, తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి పెట్టి, వేలు లావు వత్తులు వేసి, నిండా నూనె పోసేది. దాంతోపాటు ఇల్లంతా ఒక కంపు. వానల్లో తడిసిన వలను పొయ్యి మీద ఆరబెట్టినట్టుండేది.

"ఇదేం నూనె అత్తా?"

"నూని నూనే. ఎలుగొత్తాదా నేదా?"

ఆవరణలో ఉన్న పిల్లులన్నీ, కొండ ఊళ్ళో పిల్లులు కూడా, సాయంత్రమయ్యేసరికి మా గుమ్మంలో చేరి కూర్చునేవి. వాటిలో ఉన్న భక్తి ఆదివారం గుడిలో మనుషుల్లో కనబడేది కాదు. మా ఆయన బడి నుంచి వస్తూనే ముక్కు ఎగబీల్చి, "ఏటమ్మా, సేపల పులుసా?" అని ఆశగా అడిగేవాడు. వెల్లుల్లి కారం చూసి నీరసపడి, ఆ వాసన పీలుస్తూనే అన్నం తినేవాడు. అలా చాలా రోజులు ఆయన చేపలకూర లేకుండానే చేపలకూర తిన్నాడు.

ఎన్ని దీపాలు పెట్టినా నాకు ఒరిగింది లేదు. వెలుగు పచ్చటి ముద్దలా కనబడేది, దాని పక్కనున్న బిడ్డ మాత్రం కనబడేది కాదు. "ఇప్పుడో? ఇప్పుడు అగపడతన్నాదా?" అని అత్త ఇంకాస్త నూనె పోసేది. నేను తల అడ్డంగా ఊపేదాన్ని. ఆమె వత్తి ఇంకాస్త పెంచేది.

గోడకు అవతల పంది సంగతీ అలాగే ఉంది. పుట్టినప్పుడు నున్నగా ఉన్న పిల్లలు రానురాను కాళ్ళ మీద నిలబడలేక పిరుదుల మీద కూర్చుండిపోయాయి. తల్లికి పాలు ఎండిపోయాయి. పొద్దు వాలితే అది తొట్టె దగ్గరికి పోబోయి గోడకు కొట్టుకునేది. ఆ ధభీమన్న చప్పుడు విన్నప్పుడల్లా, నేనూ ద్వారబంధానికి తల కొట్టుకున్న సంగతి గుర్తొచ్చి జాలేసేది.

అలాంటి సమయంలో దొరగారు తిరిగొచ్చారు. గుర్రం దిగి, మొహమైనా కడుక్కోకుండా పంది దగ్గరికి వెళ్ళారు. తలుపు తీశారు. తీసిన మరుక్షణం ఆయన గొంతు నాకు గోడ ఇవతలికి వినిపించింది.

"ఇది నివాసమా, కారాగారమా? ఈ వరాహము ఏల ఇట్లు కృశించినది? తైలము ఎచ్చట?"

సందె పడుతోంది. ఆయనకు ఎవరూ దారి చెప్పనక్కర్లేకపోయింది, పిల్లులు చూపించాయి. వాటి మధ్యనుంచి ఆయన మా గుమ్మంలోకి వచ్చి ముక్కు మూసుకున్నారు. మూడు దీపాలూ దేదీప్యమానంగా వెలుగుతున్నాయి.

"దీపతైలము!" అన్నారు. "సేవింపవలసినదానిని దహించితిరా!"

మా అత్త లేచి నిలబడింది. దాచలేదు, బుకాయించలేదు. "కోడలికి మసకేత్తే కళ్ళగపడవు బాబూ. ఎలుగు సాల్దేమోనని పోసినాను. ఆముదం ఎంతనీ పోత్తాను? మొన్న పిల్ల నిప్పుల్లో పడిపోబోయినాది," అంది.

అప్పటిదాకా నేను ఆ నూనె కక్కుర్తితో ఇంటికి చేరిందనే అనుకున్నాను. నా కోసమని ఆ నిమిషంలోనే తెలిసింది.

దొరగారు ఆ మాట విన్నారో లేదో. ఆయన ధ్యాసంతా గోడకు అవతలే ఉంది. వేలెత్తి ప్రసంగం మొదలుపెట్టారు. "ఈ విటమిన్ లోపించినయెడల తల్లి వరాహమునకు క్షీరము తరిగిపోవును. పిల్లలకు కాళ్ళు వంకరపోవును. సాయంకాలమైనంతనే కన్నులు కానరాకపోవును!"

"ఏటంటన్నాడు?" అని అత్త కొడుకును అడిగింది.

మా ఆయన, "తల్లికి పాలు ఎండిపోతాయంట. పిల్లల కాళ్ళు వొంకరపోతాయంట. పొద్దోలితే కళ్ళగపడవంట," అన్నాడు.

"ఎవలికి?"

"పందికే అమ్మా."

మా అత్త నావైపు తిరిగిందనుకుంటాను. నాకు కనబడలేదు, మాట మాత్రం దగ్గరగా వినబడింది. "బాబూ, ఆ మసక ఈ నూని తాగితే పోతాదా?"

"నిశ్చయముగా పోవును. మా దేశమందు వరాహములపై పరీక్షించి చూచిరి."

"మరి మడుసుల మీద?"

దొరగారికి విసుగొచ్చింది. "మనము ఇప్పుడు వరాహమును గూర్చి మాటలాడుచున్నాము," అన్నారు.

నిజమే. అక్కడ ఒక మనిషి కూడా ఉన్నదని ఆయనకు తట్టలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, నాకు మిగిలిన కాస్త వెలుతురునూ కప్పేసి, విటమిన్ గురించి ఇంకా చాలాసేపు చెప్పారు. మంచి ప్రసంగమని మా ఆయన తరవాత అన్నాడు.

మర్నాడు పొద్దున్నే మా అత్త పంది ఇంటి గోనెసంచి విప్పేసింది. తలుపు తెరిచి దాన్నీ పిల్లల్నీ ఎండలోకి తోలింది. ఆకు బుట్టను మేకకు పోనివ్వలేదు. డబ్బాలో మిగిలిన నూనెను కుడితిలో కలిపి, అది మొహం తిప్పుకుంటే చెవి పట్టుకుని తాగించింది. ఆ తరవాత నుంచి ప్రతి సందెకూ పంది తొట్టె దగ్గర గొంతుక్కూర్చుని దాన్నే చూస్తూ ఉండేది. ఎందుకు చూస్తోందో నాకు చెప్పలేదు.

ఒక సాయంత్రం గోడకు కొట్టుకునే చప్పుడు వినబడలేదు. పంది తిన్నగా తొట్టె దగ్గరికి నడిచి వెళ్ళి తినసాగింది. ఆ తినే చప్పుడు ఇంకా అవుతుండగానే అత్త మా గుమ్మంలోకి వచ్చింది. ఆమె చేతిలో అదే పొడుగు చెంచా. ఆ వాసనకు నేను మొహం తిప్పుకున్నాను.

"నేను తాగను అత్తా."

"పంది తాగినాది. సావనేదు, కళ్ళెలిగినాయి. నువ్వు దానికంటే ఎక్కువేటి?" అని ఒక చేత్తో నా ముక్కు మూసి, రెండో చేత్తో గొంతులో పోసేసింది. పందికైతే ఒట్టి చెవే పట్టుకుంది. తరవాత నా చెవుల్లో దూది తీసి బయట పారేసింది. రాత్రి అన్నంలో వెల్లుల్లి కారం లేదు, పంది బుట్టలోంచి తీసిన తోటకూర వండి పెట్టింది. తన చేతుల మీద పెట్టిన పథ్యాన్ని తనే విరిచేసింది. ఆ సంగతి ఎవరితోనూ అనవద్దని కళ్ళెర్రజేసి మరీ చెప్పింది, కిందనున్న ఊళ్ళో తెలిస్తే మంత్రసానిగా ఆమె పరువు పోతుంది.

పంది ఇంత నూనె తాగడం దొరగారికి పరమానందం. ఇంకో డబ్బా తెప్పించారు. ఒకసారి మిషను పెద్ద దొరలు చూడడానికి వస్తే, నున్నబడ్డ పంది పిల్లల్ని చూపించి, ఇది విటమిన్ మహిమ అన్నారు. పిల్లను ఎత్తుకుని నేనూ వెనకాల నిలబడ్డాను. వాళ్ళు పంది కళ్ళు విప్పి చూశారు, పళ్ళు చూశారు, పొదుగు చూశారు. నన్నెవరూ అడగలేదు. అడగకపోవడమే మంచిదనిపించింది, పొదుగు దాకా వెళ్ళిన మనుషులు ఎక్కడ ఆగుతారో చెప్పలేం.

నాకు నూనె పట్టడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి అత్త ప్రతి సందెకూ సూదీ దారం తెచ్చి, "ఎక్కించు," అనేది. దీపం పెట్టనిచ్చేది కాదు. నేను గుచ్చుకుంటూ, దారం తడుపుకుంటూ, చేతకాక విసిరేసేదాన్ని. వెతికి తెచ్చి మళ్ళీ ఇచ్చేది.

ఒక సాయంత్రం దారం ఎక్కింది. మొదటిసారే ఎక్కింది. పక్కన చాప మీద పిల్ల కాళ్ళు ఆడిస్తోంది, ఆ కాళ్ళు కనబడుతున్నాయి. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "అత్తా, ఎక్కింది!" అని అరిచాను.

ఆమె సంతోషించలేదు. సూది నా చేతిలోంచి తీసుకుని, దారాన్ని అటూ ఇటూ లాగి చూసింది. అరుగు మీద మెల్లిగా చతికిలబడింది.

"నీ మొగుడికంటే ముందు నాకొక ఆడగుంట పుట్టినాది," అంది. "పొద్దోలినేల పాలిచ్చి, సాప అనుకొని కుంపట్లో ఎట్టీసినాను."

నేను పిల్లను దగ్గరికి లాక్కున్నాను.

"కంటికగపడనిదేదో నా సేత సేయించినాదన్నారు అందరూ. నానూ అదే అనుకున్నాను. ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

ఆమె సూదిని రవికకు గుచ్చుకుని లేచింది.

"ఆ సెంచా ఇలగియ్యి," అంది. "పంది ఎదురు సూత్తన్నాది."

చెంచా అందించాను. ఆ మసకలో ఆమె కొంగుతో మొహం తుడుచుకోవడం, పంది ఇంటిదాకా నడిచి వెళ్ళడం, తలుపు తీయడం అన్నీ నాకు కనబడ్డాయి.